అయిదు లొట్లు, ఒక నాలుక

అండాలమ్మ నాలుక మూడేళ్ళుగా సెలవులో ఉంది. చికున్‌గున్యా జ్వరం వచ్చి ముందు కీళ్ళు పట్టుకుంది, పోతూ పోతూ నోటి రుచిని వెంట తీసుకుపోయింది. కీళ్ళు ఆరు నెలల్లో స్వాధీనమయ్యాయి గాని రుచి మాత్రం పండక్కొచ్చిన చుట్టంలా అప్పుడప్పుడు తొంగిచూసి వెళ్ళేది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందు మొదట్లో ఆమెకొక గుడాల బండి ఉంది. బొబ్బర్లు, శనగలు ఉడకబెట్టి, ఉల్లిగడ్డా పచ్చిమిరపా వేసి తాలింపు పెట్టి, కాగితం పొట్లాల్లో గ్రూప్స్ పరీక్షల పిల్లలకు అమ్ముతుంది. వాటిలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడానికి రోజూ పక్కింటి రెబెక్క రావలసిందే.

ఇంకెవరికైనా ఇలా జరిగితే పోనీలే అనుకోవచ్చు. అండాలమ్మ విషయంలో అలా అనుకోవడానికి లేదు. ఆమె పుట్టింది బడంగ్‌పేట్‌లో, తాళ్ళు, అంటే తాటిచెట్లు, గీసేవాళ్ళ ఇంట్లో. మెట్టింది అదే ఊళ్ళో, అదే పని చేసే ఇంట్లో. పెళ్ళయిన కొత్తల్లోనే సరూర్‌నగర్‌లోని ఒక కల్లు కాంపౌండులో అమ్మకానికి కూర్చుంది. తెల్లవారకముందే ఊళ్ళ నుంచి లొట్లు, అంటే కల్లు కుండలు, వచ్చేవి. ఒక్కొక్క దాంట్లో ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఇది ఫలానా చెట్టుది, ఇది నిన్నటిది, ఇందులో నీళ్ళు తగిలాయి అని చెప్పేసేది. తేయాకు తోటల ఊళ్ళు తిరిగినవాళ్ళకు తెలుసు, అక్కడి గోదాముల్లో చెంచాడు డికాషన్ పుక్కిలించి ఇది ఏ కొండ ఆకో చెప్పే మనుషులుంటారు. ఆ నాలుకల మీద కోట్ల వ్యాపారం నడుస్తుంది, వాటికి జలుబు చేస్తే యజమానికి నిద్ర పట్టదు. అత్తరు దుకాణాల్లో ముక్కులకూ అంతే మర్యాద. కల్లు కాంపౌండులో నాలుకకు మాత్రం ఎవరూ శాలువా కప్పలేదు. పైగా నగరంలో కాంపౌండ్లు మూసి అప్పటికి ఏడేళ్ళవుతోంది. మందు కలిపిన దొంగకల్లు నోట పెట్టనని అండాలమ్మ తాగడమే మానేసింది. కాబట్టి జ్వరం తర్వాత తన నాలుక నిజంగా చచ్చిందో, నిద్రపోతోందో ఆమెకే తెలియదు.

తెలుసుకోవలసిన అవసరం రెండువేల పదకొండు ఫిబ్రవరిలో వచ్చింది.

అవి తెలంగాణ ఉద్యమంలో సహాయ నిరాకరణ రోజులు. ఉద్యోగులు ఆఫీసుకు వస్తారు, ఫైలు మాత్రం ముట్టరు. కోచింగ్ సెంటర్లకు తాళాలు. బేరం లేక అండాలమ్మ తన బండిని ఎల్‌బీనగర్ చౌరస్తాలో ఉద్యోగుల టెంటు పక్కకు తోసుకొచ్చింది. అక్కడ గుడాలకు మంచి గిరాకీ. పొద్దున్నుంచీ నినాదాలిచ్చే గొంతులకు ఆకలి జాస్తి.

టెంటులో రెబెక్క మొగుడు సాలోమోను ముందు వరసలో ఉండేవాడు, ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. అదే ఆఫీసులో సూపరింటెండెంటు రామమోహనరావు వెనక వరసలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవాడు. రావుది తెనాలి వైపు. ఎల్‌బీనగర్‌లో ఇల్లు కట్టుకుని పద్దెనిమిదేళ్ళయింది.

"సార్, మీరు గూడ పని బంద్ పెట్టిన్రు, శానా సంతోషం" అన్నాడు సాలోమోను.

"పాతికేళ్ళుగా మీతోపాటు పని చేసినవాణ్ణి, పని మానడంలో మీకు తీసిపోతానటయ్యా?"

"పనిజేసేటప్పుడు గూడ మీరు గిట్లనే పేపర్ వట్టుకొని కూసునేటోళ్ళు గద సార్. జీతం కోసేటోళ్ళకు ఫరక్ ఎట్ల తెలుస్తది?"

టెంటంతా నవ్వింది. రావు కూడా నవ్వి, మాట మార్చడానికి పేపర్లో వార్త పైకి చదివాడు. ఎక్కడో విదేశాల్లో చలికాలానికి ఒక రకం బీరు, వసంతానికి ఒకటి, పంట కోతలకు ఒకటి కాస్తారట. స్నేహితులంతా చేరి కళ్ళకు గంతలు కట్టుకుని, రుచి చూసి, ఏది ఏ కాలపు బీరో చెప్పే పోటీలు పెట్టుకుంటారట.

"ఏం నాలుకలండీ బాబూ అవి!" అన్నాడు రావు.

పొట్లం చుడుతున్న అండాలమ్మ చెయ్యి ఆగింది. "గదేం గొప్ప రావుసారూ? మా చెట్లకు గూడ కాలాలున్నయి. సలికి ఈత. ఈత తగ్గంగనే పోతుతాడు, గదే మగ తాటిచెట్టు. ఎండలు ముదిరినంక పండుతాడు, ఆడచెట్టు. గిప్పుడైతే ఈత పోవుడు, తాడు వచ్చుడు, రెండు గలిసిన రోజులు. కండ్లకు కాదు, చెవులకు గూడ గంతలు కట్టుండ్రి, చెప్తా."

చెప్పేశాక నాలుక కరుచుకుంది. ఎందుకంటే ఆ మాట వినవలసిన మనిషే విన్నాడు.

గీత కార్మికుల సంఘం తరఫున దీక్షలో కూర్చోవడానికి బడంగ్‌పేట్ నుంచి మట్టయ్య ఆ రోజే వచ్చాడు. ఆమెకు మేనబావ, సంఘానికి పెద్ద. చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే మోకును భుజాన చుట్టుకుని ఊరేగింపు ముందు ఠీవిగా నడిచి వచ్చి టెంటులో కూర్చున్నాడు. సంఘం వాళ్ళు బడంగ్‌పేట్ రోడ్డు పక్కన మండువా తెరవబోతున్నారు. ఊళ్ళో గీసినవాళ్ళంతా తెచ్చిన కల్లు ఒక్కచోట పోసి అమ్మే జాగా అది. అక్కడ కూర్చునే మనిషికి నోరూ ఉండాలి, నాలుకా ఉండాలి. పుల్లబడ్డ లొట్టి అన్నది తెచ్చినా తమ్ముడిది తెచ్చినా వాపసు పంపాలి. ఆ కుర్చీ కోసం అండాలమ్మ నెల రోజులుగా బావ వెంట పడుతోంది. గుడాలు అమ్మితే పొట్ట నిండుతుంది. మండువాలో కూర్చుంటే మాత్రం ఆమె మళ్ళీ అండాలమ్మ అవుతుంది.

"నోరైతే ఉన్నది" అన్నాడు మట్టయ్య మీసం సవరించుకుంటూ. "నాలుక సంగతే ఫికర్. ఆదివారం మాపటికి సంఘం కూసుంటది. గా పొద్దుగాలనే అయిదు లొట్లు తెస్త. అయిదిట్ల నీ పెనిమిటి బతికున్నప్పుడు గీసిన బొల్లితాడు చెట్టు కల్లు గూడ ఉంటది. అయిదుకు అయిదు చెప్పినవా, మండువ నీది. ఒక్కటి తప్పినా, గుడాలమ్ముకో అండాలూ."

"నాది తప్పకపోతే?"

"గీ మీసం తీస్త."

"వద్దు బావా, ముఖం మీద గదొక్కటే జర సక్కగున్నది."

పందెం రావు మేడమీద అని తేలిపోయింది. రావుకు వచ్చిన ఉత్సాహం చెప్పనలవి కాదు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క ఫైలుకూ అంత తొందరగా ఏర్పాట్లు చేసి ఉండడు.

ఆదివారం ఏడింటికల్లా మట్టయ్య మోపెడ్ మీద వచ్చాడు. అండాలమ్మ ప్లాస్టిక్ డబ్బాలు వద్దని గట్టిగా చెప్పడంతో అయిదు మట్టి లొట్లు గడ్డి చుట్టి కట్టుకొచ్చాడు. రాత్రంతా ఆమె నిద్రపోలేదు. తెల్లవారి పళ్ళు వేపపుల్లతో తోమకుండా ఉత్త ఉప్పుతో తోముకుంది. చాయ తాగలేదు. ఒక్క వక్కపలుకైనా నోట వేసుకోలేదు.

కింద నుంచి రావు భార్య కుసుమకుమారి కేకేసింది. "ఏవండీ, స్టీలు గ్లాసులు పైకి పంపాను. వాసన రాకుండా నిమ్మకాయ సబ్బుతో రెండుసార్లు తోమించాను."

అండాలమ్మ ఒక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పెట్టేసింది. "అమ్మగారి శుభ్రానికి దండం. గీ గ్లాసుల తాగితే అయిదు లొట్లు నిమ్మకాయ కల్లే అయితయి." మట్టయ్య తాను తెచ్చిన తాటాకు మడిచి తలా ఒక రేక చేసి ఇచ్చాడు. ఆకు దొన్నెలో పోసుకుని తాగడం కల్లుకు పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి.

సాలోమోను తన ఉద్యమం కండువా తీసి ఆమె కళ్ళకు కట్టబోయాడు. ఆమె ముఖం తిప్పుకుంది. "పదిరోజుల సంది టెంట్ల కూసున్న కండువ గదా ఇది? కల్లు వాసన నాదాక యాడొస్తది కొడకా?"

"ఉద్యమం చెమట అత్తా!"

"నీ ఉద్యమం సల్లగుండ, ఉతికి చెయ్యి."

చివరికి రెబెక్క చర్చికి వేసుకుపోయే తెల్ల ముసుగు మడతపెట్టి కట్టింది. కడుతూ చెవిలో "అక్కా, దేవుడున్నడు, బుగులు పడకు" అంది. సాలోమోను లొట్లను అటూ ఇటూ మార్చి వాటి పొట్టలమీద సుద్దముక్కతో అంకెలు వేశాడు. సాలోమోను లొట్లను అటూ ఇటూ మార్చి వాటి పొట్టలమీద సుద్దముక్కతో అంకెలు వేశాడు. నోరు మార్చుకోవడానికి మధ్యలో ఒక పళ్ళెంలో ఉప్పులేని ఉడికిన శనగలు.

ఒకటో లొట్టి. రేకలో కల్లు పోసిన చప్పుడు వినిపించింది. అండాలమ్మ నాలుక మీద వేసుకుంది.

ఏమీ లేదు. చల్లగా తగిలింది, అంతే. నీళ్ళు. చౌరస్తా వైపు నుంచి మైకులో పాట ఒకటి గాలికి తెగి తెగి వస్తోంది. ఆమె రెండో గుక్క తీసుకుని మింగకుండా బుగ్గలో ఆపింది. చిన్నప్పుడు నాయన చెప్పింది గుర్తుంది. నాలుక ముందుకు రాకపోతే కల్లునే దాని దగ్గరికి పంపాలి. కొంచెం గాలి పీల్చింది. అంగిట్లో ఏదో కదిలింది. తడి మట్టి, దాని వెనక ఎండు ఖర్జూరపు తీపి, ఆ వెనక సన్నటి పులుపు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తలుపులు మూసిన ఇంట్లోకి మనుషులు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నట్టుంది.

"ఈత!" అని అరిచింది. "ఈతనే! ఆఖరు రోజులయి, జర పలుచబడ్డది. అయ్యో, వచ్చిందే రెబెక్కా, రుచి వచ్చిందే!"

రెబెక్క చప్పట్లు కొట్టింది. రావు చీటీలో గీత పెట్టాడు.

రెండోది నోట పెట్టగానే పెదవి విరిచింది. "పోతుతాడే. గని ఇయ్యాల్టిది గాదు. నిన్న మాపటికి దించిన్రు. నన్ను తికమక పెట్టనీకె తెచ్చినవ్ గద బావా?"

"నడువు, నడువు" అన్నాడు మట్టయ్య. ఆయన గొంతులో గర్వం దాగలేదు. ఎంతైనా తమ వంశపు నాలుక.

అప్పుడు రావు సైగ చేసి, చీటీలో లేని ఒక పానీయాన్ని ఆమె రేకలో పోయించాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన బీరు. అండాలమ్మ నోట పోసుకుని ఒక్క క్షణం ఆగి గోడవతల ఉమ్మేసింది. "థూ! గీ చెట్టు యాడ పెరిగింది? రేకుల షెడ్డులనా? రావుసారూ, మీ పేపర్ల రాసిన కాలాల బీరు గిదేనా? దీనికి ఒక్కటే కాలం, ఫ్రిజ్ కాలం!"

రావు పొట్ట పట్టుకుని నవ్వుతూ కూలబడ్డాడు. నవ్వులు విని కుసుమకుమారి మెట్లెక్కి వచ్చేసింది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే. రెండు నిమిషాల్లో కొంగు జారింది. ఆవిడా శనగలు నములుతూ పిట్టగోడ మీద కూర్చుంది.

మూడోదానికి అండాలమ్మ రెండు వేళ్ళు చూపించింది. "రెండు గలిపిన్రు. మూడొంతులు తాడు, ఒక వంతు ఈత." సరిగ్గా అంతే. నాలుగోది పోతుతాడు, ఆ పొద్దుటిది. గుక్క తీసుకోకముందే వాసనకే చెప్పేసింది. సాలోమోను ఈల వేశాడు. రావు చీటీని జెండాలా ఊపుతున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, అది బొల్లితాడే అయి తీరాలి. లెక్క పసిపిల్లకైనా తెలుస్తుంది. ఆమె నోట పెట్టకుండానే పేరు చెప్పినా గెలుస్తుంది.

బొల్లితాడంటే ఊరి చివర రాతినేలలో ఒంటరిగా నిలబడ్డ పొడుగాటి చెట్టు. పిడుగు రాసుకుపోయి మొదలు మీద తెల్లమచ్చ పడింది. అందరికంటే ఎత్తు, అందరూ ఎక్కలేనిది. ఆమె భర్త దాన్ని ఇరవయ్యేళ్ళు గీశాడు. ఆ చెట్టు కల్లులో గుక్క మింగిన తర్వాత వచ్చే ఒక ఒగరు ఉంది, రాళ్ళ మధ్య చెలమ నీళ్ళలో ఉంటుందే, అలాంటిది. ఆయన చనిపోయిన ఏడాదే సంఘం కట్టుబాటు ప్రకారం చెట్టు చేతులు మారింది. ఎక్కగలిగినవాడిదే చెట్టు. ఎక్కలేనివాడు చెట్టు మీదున్న తన పేరు సంఘానికి ఒప్పజెప్పాలి. అలా అది మట్టయ్యకు వచ్చింది.

అండాలమ్మ అయిదో రేక ఎత్తి మెల్లగా తాగింది. ఒగరు కోసం ఎదురుచూసింది. ఇంకో గుక్క. మళ్ళీ చూసింది. అందరి ముఖాల్లోనూ నవ్వు సిద్ధంగా ఉంది.

"పోతుతాడు. ఇయ్యాల్టిదే, మంచిదే. గని బొల్లితాడు గాదు."

రావు చీటీ చూశాడు, మట్టయ్యను చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు. "అండాలమ్మగారూ, బొల్లితాడనే ఉందండీ ఇక్కడ. కాస్త ఆలోచించి చెప్పండి, తొందరేం లేదు."

"ఆలోచించేది నాలుకే సారూ, నేను గాదు. అయిదిట్ల బొల్లితాడు రానే రాలే."

"తప్పింది" అన్నాడు మట్టయ్య నేల చూస్తూ. "నాలుగే."

"నువ్వే గీసినవా బావా?"

"మరి ఎవలు గీస్తరు?"

సాలోమోనుకు ఆవేశం వచ్చింది. "గిదేం లొల్లి? పోయి చూస్తే అయిపాయె! ఇయ్యాల గీసిన చెట్టైతే కోత పచ్చిగుంటది గద. బడంగ్‌పేట్ ఎంత దూరం? సార్, బండి తీయుండ్రి!" రావు అప్పటికే తాళంచెవి కోసం మెట్లు దిగుతున్నాడు. పైనుంచి చూడటానికి బైనాక్యులర్సు ఉన్నాయంటూ కుసుమకుమారి ఆయన వెనకే పరిగెత్తింది. సాలోమోను, రెబెక్క కూడా దిగి వెళ్ళారు. కింద స్కూటర్ల చప్పుడు మొదలయింది. మేడమీద ఇద్దరే మిగిలారు.

అండాలమ్మ కళ్ళగంత విప్పుకుని బావ వైపు చూసింది. చూసేసరికి తెలిసిపోయింది. గీతగాడి పాదాల అంచులు, మోకాళ్ళ లోపలి భాగం రోజూ చెట్టుకు రాసుకుని గరుగ్గా, నల్లగా ఉంటాయి. మట్టయ్య పాదాలు మెత్తబడి ఉన్నాయి. చేతులు పిట్టగోడను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. రెండో అంతస్తు మేడ మీద నుంచి కిందికి చూడటానికి కూడా ఆయన జంకుతున్నాడు.

ఆ నలుగురూ వెళ్ళి చెట్టు కింద నిలబడి తల ఎత్తి చూస్తే సాయంత్రం సంఘంలో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఆ కట్టుబాటు రుచి ఆమె ఒకసారి చూసింది. "నాదే తప్పు, జ్వరం పడ్డ నాలుక" అంటే చాలు, అందరూ నమ్ముతారు, బావ పరువు దక్కుతుంది. మాట పెదవి దాకా వచ్చింది. కాని నోట్లో ఇంకా ఆ కల్లు ఉంది. పలుచగా, తియ్యగా, ఏ సందేహమూ లేకుండా ఉంది. మూడేళ్ళ తర్వాత ఇంటికొచ్చిన నాలుకను ఏ నోటితో అబద్ధమాడింది అనగలదు?

దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించింది. "బావా, నేను చెట్టుకాడికి రాను. గాళ్ళనూ ఆపుత. గని నా నాలుక తప్పలే. ఇది చెరువు అలుగు కింద పొట్టితాడుది. నీళ్ళ పక్క చెట్టు, గందుకే గింత పలుచన. నిచ్చెనేసి దించినవు."

మట్టయ్య నోరు తెరుచుకుంది. "నిచ్చెన సంగతి గూడ కల్లుల తెలుస్తదానే?"

"గది కల్లుల తెలువది. నీ కాళ్ళు చూస్తే తెలుస్తది."

ఆయన పాదాలు వెనక్కి లాక్కున్నాడు. "దసర కాడ్నించి" అన్నాడు. "సగం ఎక్కినంక కండ్లు తిరిగినయి. మోకు లేకపోతే ఆడ్నే పోయేటోన్ని. దవాఖానల చెవిల ఏదో ఉన్నదన్నరు. ఎవ్వరికి చెప్పలే. బొల్లితాడు నాలుగు నెలల సంది ముట్టలే."

"చెప్పకుంటివి."

"సంఘం పెద్ద చెట్టు ఎక్కలేడని ఎట్ల చెప్పాలె?"

కింద రావు హారన్ మోగిస్తున్నాడు. "రండి రండి, ఎండెక్కుతోంది!"

మట్టయ్య కళ్ళు చిట్లించుకుని, పిట్టగోడ మీదుగా కిందికి వంగాడు. "బండ్లు బంద్ చెయ్యుండ్రి! అండాలు అయిదుకు అయిదు చెప్పింది. చీటీల తప్పు రాసింది నేను. నేను గా చెట్టు ఎక్కలే. ఎక్కలేను."

కింద ఒక్కసారిగా చప్పుడు ఆగింది. సాలోమోను తల ఎత్తాడు. "మరి మోకేసుకొని ఊరేగింపుల అందరికంటె ముందు నడిస్తివి గద మామా!"

"నడిచింది నేల మీదనే గదరా!"

ముందు నవ్వింది మట్టయ్యే. తర్వాత అందరూ అందుకున్నారు. కుసుమకుమారి చేతిలో బైనాక్యులర్సుతో నిలబడి ఎవరి ముఖం చూడాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది. రెబెక్క మెట్లు రెండేసి ఎక్కి వచ్చి అండాలమ్మను వాటేసుకుంది.

మిగిలిన కల్లు అందరూ పంచుకున్నారు. రావు ఈతకు ఒక దండం, తాడుకు ఒక దండం పెట్టి, తన బీరు సీసా తనే పక్కకు జరిపాడు. మట్టయ్య రెండు రేకలు తాగాక తేలికపడ్డాడు. "మాపటికి నేనే చెప్త సంఘంల. బొల్లితాడు ఇడుస్తున్న, కాళ్ళల్ల సత్తువ ఉన్నోడు తీసుకోవాలె. మండువల అండాలు కూసుంటది. ఎవడన్న కాదంటే వాని లొట్టి తెచ్చి దీని ముంగట పెట్టుమంట."

"నీ లొట్టి గూడ రుచి చూసే తీసుకుంట బావా. అలుగు కిందిదైతే అలుగు కిందిదని చెప్పి ఇయ్యాలె."

"ఇస్త తియ్యి. పుల్లబడితే?"

"వాపస్."

"మేనబావనని గూడ చూడవా?"

"చూస్త. ఒకసారి నవ్వి వాపస్ పంపుత."

మట్టయ్య లొట్లు మోపెడ్‌కు కట్టుకుంటుంటే అండాలమ్మ గేటు దాకా వచ్చింది. ఆమె కాళ్ళు నేల మీద నిలవడం లేదు. "మొదటి లొట్టి ఎన్నింటికి దిగుతది?"

"అయిదింటికి."

"అయితే నేను నాలుగున్నరకే ఉండాలె. బడంగ్‌పేట్‌కు గా యాళ్ళకు షేర్ ఆటో ఉంటదా? ఉండకపోయినా నడిచొస్త. కూసునే పీట, చీపిరి నేనే తెచ్చుకుంట. నువ్వు జర ముందుగాల వచ్చి మండువ తాళం తీసి పెట్టు."

"ఆగవే, సంఘం ఇంక కూసోనే లేదు!"

"కూసోనియ్యి" అంది అండాలమ్మ, అప్పటికే రోడ్డు దాటుతూ. "నేను పీట బేరం చెయ్యనీకె పోతున్న."